ఆ మూలన రాళ్లే ఉన్నాయా?

నిజాంసాగర్ డ్యామ్ దగ్గర దిగిన ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. తాత, నాయినమ్మ, వెనకాల రాతిగోడ. కుడి మూల మొత్తం చెమ్మకి గాజుకంటుకుని ఊడిపోయింది. పోయిన దసరాకి ఊరెళ్లినప్పుడు స్కాన్ చేసి, బాగుచేసి ఫ్రేమ్ కట్టిద్దామనుకున్నా. సాఫ్ట్‌వేర్ వాణ్ని, ఆ మాత్రం రాదా అని కొంచెం పొగరు కూడా.

1999లో అలెక్సీ ఎఫ్రోస్, థామస్ లియూంగ్ ఒక పద్ధతి చెప్పారు. ఇంజినీరింగ్ రోజుల నుంచీ నాకు భలే ఇష్టం. ఖాళీ అంచున ఒక్క పిక్సెల్ తీసుకుంటాం. దాని చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి, అలాంటి ఇరుగుపొరుగే ఫొటోలో ఇంకెక్కడుందో వెతుకుతాం. దొరికిన వాటిలో ఒకటి లాటరీ తీసినట్టు ఎంచి, దాని మధ్య పిక్సెల్‌ని తెచ్చి ఇక్కడ పెడతాం. మళ్లీ పక్కది. అలా అంచు నుంచి లోపలికి. మీ ఫోన్ కీబోర్డ్ తర్వాతి పదం చూపిస్తుంది చూడండి, దాదాపు అదే ఆలోచన. 1948లో క్లాడ్ షానన్ ఇంగ్లిష్ వాక్యాలతో ఇలాంటి ఆటే ఆడాడు.

చిక్కల్లా ఎంత చుట్టుపక్కల చూడాలన్నదే. తక్కువ పెడితే రాళ్లు కాస్తా ఉప్మా అయ్యాయి. ఒక రాయి మొత్తం పట్టేంత పెంచాక గోడ లేచింది, అతుకుల గీతలతో సహా! అసలు డ్యామ్ 1923లో మొదలై 1931కి పూర్తయింది. నా ముక్కకి ఒక రాత్రి, లాప్‌టాప్ ఫ్యాన్ మోత.

పొద్దున నాయినమ్మకి చూపించా. "మంచిగ చేసినవ్ బిడ్డా" అంది. కాసేపు ఆ మూల వేలితో తడిమి, "గీడ మా తమ్ముడు నిలవడె గదరా. ఏడ వోయిండు?" అంది.

దుబాయ్ పోయి మళ్లీ రాని మనిషి, మా నాన్నకి మేనమామ. ఆయన ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదనే ఇన్నాళ్లూ విన్నా.

ప్రోగ్రామ్ తప్పేం లేదు. ఫొటోలో మిగిలింది రాళ్లు, అది రాళ్లే తెచ్చింది. ఇప్పటి ఏఐ యాప్‌కి చెబితే అక్కడ ఓ మనిషిని కూడా నిలబెడుతుంది. కానీ ఎవర్ని?

పాత స్కాన్ తెరిచి జూమ్ చేశా. మరక అనుకుని నేనే మాస్క్ వేసి తుడిచేసిన చోట, తాత భుజం మీద నాలుగు వేళ్లు.

ఫ్రేమ్‌కి చిరిగిన ఫొటోనే ఇచ్చా. "ఈ మూల కట్ చేద్దామా అన్నా, నీట్‌గ ఉంటది" అన్నాడు షాపతను. వద్దన్నా.