లంగరేసిన పేట

గ్రెనడా దక్షిణ తీరంలో, హాగ్ ఐలాండ్ పక్కన లంగరేసుకుని బతికే పడవల వాళ్ళకి ఇంటిపేర్లు లేవు. పడవ పేరే ఇంటిపేరు, ఒక్కోసారి అసలు పేరు కూడా. మా అక్కా బావా అక్కడ 'గోదారి' వాళ్ళు. రేడియోలో ఆ పేరు ఎవరికైనా అందకపోతే బావ ఓపిగ్గా "గోల్ఫ్, ఆస్కార్, డెల్టా, ఆల్ఫా, రోమియో, ఇండియా" అని అక్షరం అక్షరం చెప్పేవాడు. ఎడమ పక్క పడవలో ఉండే కెనడా పెద్దాయన పేరేంటని అడిగితే అక్క కాసేపు ఆలోచించి, "ఏమోరా, ఎప్పుడూ అవసరం రాలేదు" అంది. ఆయన వాళ్ళ పడవలో పప్పన్నం తినడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు.

రాజమండ్రిలో పుట్టి హ్యూస్టన్‌లో పాతికేళ్ళు ప్రోగ్రాములు రాసిన బావ, యాభై దాటాక ఉద్యోగం మానేసి నలభై అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడు. ఈ పిచ్చి ముందు పట్టింది అక్కకేనని ఆయన వాదన. మన నౌకాదళం వాళ్ళ తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు ఆడవాళ్ళు భూగోళం చుట్టి 2018 మే నెలలో గోవా చేరారు. వాళ్ళలో విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆ వార్త చదివి అక్క, "వాళ్ళు భూమిని చుట్టొచ్చారు, మనం గాల్వెస్టన్ అఖాతం కూడా దాటలేమా?" అందట. ఆ మాట తను అనలేదని అక్క అంటుంది.

నేను వాళ్ళతో చేరింది 2024 డిసెంబరులో. అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ల కాలం. ఆ ఆర్నెల్లూ పడవ ఫలానా అక్షాంశానికి దిగువనే ఉండాలని చాలా బీమా కంపెనీలు షరతు పెడతాయి. గ్రెనడా దాదాపు 12 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి పైనున్న ద్వీపాల నుంచి పడవలన్నీ దిగొచ్చి దాని దక్షిణ తీరపు అఖాతాల్లో దూరతాయి. ఆర్నెల్లు ఒకేచోట ఉండేసరికి అదొక పేట అయిపోతుంది. నేను సముద్రం చూద్దామని వెళ్ళాను. ఎక్కువగా చూసింది ఇరుగుపొరుగుని.

ఆ పేటకి పొద్దున ఏడున్నరకి తెల్లారుతుంది. అంతకుముందే లేచినా, ఏడున్నరకి వీహెచ్ఎఫ్ రేడియోలో సభ మొదలయ్యేదాకా ఎవరూ పనిలో పడరు. రోజుకొకరు స్వచ్ఛందంగా సభ నడుపుతారు. ముందు ఆపదలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. తర్వాత వాతావరణం, కొత్తగా వచ్చినవాళ్ళ పరిచయం, వెళ్ళిపోతున్నవాళ్ళ వీడ్కోలు, సూపర్‌మార్కెట్‌కి వ్యాను ఎన్నింటికి, పిల్లలున్న పడవలు ఏ ఇసుక ఒడ్డున కలుస్తున్నాయి, డామినోలు ఎక్కడ ఆడుతున్నారు. చివర్లో అందరూ కాచుకుని ఉండే ఘట్టం: పడవ అడుగున ఏళ్ళ తరబడి మూలుగుతున్న సామాను బయటికొస్తుంది. అది సుంకం కట్టకుండా తెచ్చుకున్న సరుకు, అమ్మకూడదు. అందుకని మారకం. అలా బావకి ఒక పాత ఆల్టర్నేటర్ దొరికింది, అక్క పెట్టిన మాగాయ సీసా ఒకటి వెళ్ళింది. సీసా పట్టుకెళ్ళినాయన మర్నాటి సభలో, పేటంతా వింటుండగా, దీన్ని రొట్టె మీద ఎంత మందాన రాసుకోవాలని అడిగాడు.

రహస్యాలు దాగవు. 16వ ఛానల్లో ఒకరినొకరు పిలుచుకుని వేరే ఛానల్‌కి వెళ్తే, పనిలేని వాళ్ళంతా మీట నొక్కి వాళ్ళ వెనకే వెళ్తారు. ఎవరి మోకాలి ఆపరేషన్ ఎలా జరిగిందో, ఎవరి కూతురు విడాకులు తీసుకుందో ఆ ఊరికి తెలుసు. నాకు ఇదేమీ కొత్తగా అనిపించలేదు.

కొత్తగా అనిపించింది లెక్క. పడవలో నీళ్ళూ కరెంటూ వేర్వేరు పద్దులు కావు. సముద్రపు నీటిని బలంగా వత్తిడి పెట్టి పల్చటి పొరలోంచి నెట్టి మంచినీళ్ళు చేసే యంత్రం బ్యాటరీని తాగేస్తుంది. బ్యాటరీకి ఎండ కావాలి. మూడు రోజులు మబ్బు పట్టిందంటే బావ మీటరు వైపు చూసి, "ఇవాళ తలస్నానాలు వద్దు" అంటాడు. స్నానమంటే సముద్రంలో దూకి, వెనక మెట్టు మీద కూర్చుని సబ్బు రుద్దుకుని, మళ్ళీ దూకి, చివర్లో ఒక చెంబుడు మంచినీళ్ళు ఒంటి మీద పోసుకోవడం. గిన్నెలు ముందు ఉప్పునీళ్ళలోనే తోముతారు. పడవ ఎటు ఊగితే అటు ఊగుతూ తన మట్టం తను చూసుకునే పొయ్యి మీద ప్రెషర్ కుక్కరే మహారాజు. మూత ఊడదు, పులుసు ఒలకదు, గ్యాసు ఆదా. ఈ సంగతి ఆ పేటలో తెల్లవాళ్ళకి కూడా తెలుసు. కాకపోతే విజిల్ లెక్కపెట్టడం మాత్రం అక్క దగ్గరే నేర్చుకున్నారు.

హరికేన్ల కాలం అయిపోయింది కాబట్టి ఉత్తరానికి, మార్టినిక్ దాకా వెళ్ళాలనుకున్నాం. బయల్దేరే ముందు కూరగాయలకని సెయింట్ జార్జెస్ బజారుకి వెళ్ళాం. అక్కడ క్రిస్మస్ ముందు ఎక్కడ చూసినా ఎర్రటి కాయలు గుట్టలు పోసి ఉంటాయి. సోరెల్ అంటారు. అల్లం, లవంగం, దాల్చినచెక్క వేసి నానబెట్టి పంచదార కలిపి తాగుతారు, కొందరు రమ్ము కూడా పోస్తారు. అక్క ఒక కాయ చిదిమి, వాసన చూసి, కొరికి, నా వైపు తిరిగింది. మన ఎర్ర గోంగూరే. వాళ్ళు కాయ మీది రేకలు తాగుతారు, ఆకుని పట్టించుకోరు. "ఆకు తెచ్చిపెడతావామ్మా?" అని అక్క అడిగితే బజారావిడ నడుం మీద చెయ్యి వేసుకుని, "మేకలున్నాయా మీకు పడవలో?" అంది. రెండు రోజుల తర్వాత ఒక సంచీ నిండా తెచ్చింది, డబ్బులు వద్దంది. ఆ పచ్చడి మార్టినిక్ దాకా వచ్చింది.

గ్రెనడా నుంచి కరియకూ దాదాపు 30 నాటికల్ మైళ్ళు. ద్వీపం చాటున ఉన్నంతసేపూ సముద్రం బుద్ధిగా ఉంటుంది. చాటు దాటగానే అట్లాంటిక్ అలలు కుడి పక్క నుంచి నేరుగా వచ్చి పడతాయి. గాలి తూర్పుది, ఆ నెలల్లో ఈశాన్యానికి తిరిగి ఇంకాస్త ముదురుతుంది. క్రిస్మస్ గాలులంటారు. ఉత్తరానికి పోయే పడవకి అది దాదాపు ఎదురుగాలే. దారిలో కిక్ 'ఎమ్ జెన్నీ అనే అగ్నిపర్వతం సముద్రం అడుగున ఉంది. నిద్రపోతున్నా దానికి కిలోమీటరున్నర దూరంలో వెళ్ళాలి, అది కదిలిందని హెచ్చరిక పెంచితే ఐదు కిలోమీటర్లు. పెద్ద చాపని మడిచి సగానికి తగ్గించినా పడవ పక్కకి ఒరిగే ఉంది. నేను కాక్‌పిట్ మూల పట్టుకుని కూర్చున్నాను. అక్క అదే ఒరుగులో నిలబడి ఉప్మా చేసింది. ఈ ప్రయాణంలో సముద్రం గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

కరియకూ గురించి ఉంది. 2024 జూలై 1న బెరిల్ హరికేన్ నాలుగో స్థాయి బలంతో నేరుగా ఆ చిన్న ద్వీపం మీదే తీరం దాటింది. గాలి గంటకి 240 కిలోమీటర్ల దాకా వీచింది. అక్కడి టైరెల్ బే పక్కన మడ అడవిలోకి చొచ్చుకుపోయే నీటిపాయ ఒకటుంది. తుపాను వస్తోందంటే పడవలన్నీ అందులో దూరి, మడచెట్లకి తాళ్ళు కట్టుకుని కూర్చోవడం ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. ఈసారీ అలాగే దూరాయి. మేం వెళ్ళేసరికి ఐదు నెలలు దాటినా, ఆ మడల్లో కొన్ని పడవలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, తెరస్తంభాలు విరిగి ఉన్నాయి. చెట్లకి చిగుళ్ళు వస్తున్నాయి. ఊళ్ళో ఇళ్ళకి పైకప్పుల చోట నీలం టార్పాలిన్లు.

ఆ జూలైలో దక్షిణ గ్రెనడా పేట చేసిన పని బావ చెప్పాడు. రేడియో సభ కాస్తా సరుకుల పట్టీ అయింది. నీళ్ళ డబ్బాలు, టార్పాలిన్లు, మేకులు, జనరేటర్లు, పసిపిల్లల పాలపొడి. ఎవరి పడవలో ఎంత పడితే అంత నింపుకుని ఉత్తరానికి నడిపారు. మంచినీళ్ళ యంత్రాలున్న పడవలు అక్కడే లంగరేసి, ఒడ్డు మీది వాళ్ళకి డబ్బాలు నింపి ఇచ్చాయి. ఇది గొప్ప పనే. కానీ ఆ గొప్పని పడవల వాళ్ళ నోట విన్నంతగా ఇంకో సంగతి వినలేదు. బీమా ఉన్నవాడు పడవ పోయినా విమానమెక్కి ఇంటికి పోయాడు. చేపల పడవ పోయిన కరియకూ మనిషికి ఇల్లూ అదే ఒడ్డు మీద ఉంది, కప్పు లేకుండా.

అదే ద్వీపంలో విండ్‌వర్డ్ అనే ఊరి ఒడ్డున చెక్కతో పడవలు కడతారు, తాతల నాటి నుంచి, కాగితం మీద గీత గీయకుండా కంటి కొలతతో. పడవ పూర్తయ్యాక కింద పెట్టిన ఊతకర్రల్ని ఒక్కొక్కటే నరికి, దాన్ని పక్కకి వాల్చి, ఊరంతా తాళ్ళు పట్టి నీళ్ళలోకి లాగుతారు. మేం వెళ్ళిన రోజు అక్కడ ఒక వడ్రంగి పాత పడవకి పక్కటెముక మారుస్తున్నాడు. వంపు తిరిగిన కొమ్మని ముందే చెట్టు మీద చూసి పెట్టుకున్నాడట, తుపానుకి అదొక్కటీ విరగలేదట. చేత్తో దాన్ని నిమిరి చూపించి, మళ్ళీ బాడిసె అందుకున్నాడు.

టొబేగో కేస్‌లో నీళ్ళు ఫొటోల్లో ఉన్నట్టే ఉన్నాయి. తాబేళ్ళు గడ్డి మేస్తుంటే పైనుంచి చూశాం. అంతే.

బెక్వియా అడ్మిరల్టీ బేలో మాత్రం ఆ పేట అసలు రూపం కనిపించింది. అక్కడ స్థానికులు కొందరు నీళ్ళలో బోయాలు కట్టి రాత్రికింతని అద్దెకిస్తారు. మా తర్వాత ఒక పెద్ద పడవ వచ్చింది. దాని యజమాని బోయా మనిషితో చాలాసేపు బేరమాడి, చివరికి అక్కర్లేదని సొంత లంగరే వేశాడు. ఆరు మీటర్ల లోతుకి కనీసం ముప్పై మీటర్ల గొలుసు వదలాలి. లోతుకి ఐదింతలన్నది పసిపిల్లలకి కూడా తెలిసిన లెక్క. అతను వదిలింది తక్కువని బావ దూరం నుంచే చెప్పాడు. తర్వాత ఆ దంపతులు పడవకి తాళమేసి, ఫెర్రీ ఎక్కి సెయింట్ విన్సెంట్ వెళ్ళిపోయారు.

రాత్రి రెండింటికి వానతో కలిసి గాలి విరుచుకుపడింది. ఎవరో కొమ్ము ఊదారు. లేచి చూస్తే ఆ పెద్ద పడవ దీపం లేకుండా, అడ్డంగా తిరిగి, మా ముక్కు మీదకే వస్తోంది. బావ ఇంజను వేశాడు. అక్క రబ్బరు దిండ్లు పట్టుకుని ముందుకి పరిగెత్తింది. నా చేతిలో టార్చి. ఆ వెలుగులో మొదట కనిపించింది ఒక చెక్క పడవ: పొద్దుటి బోయా మనిషి. అతను తన పడవ ముక్కుని దాని పక్కకి ఆనించి ఇంజను పూర్తిగా పెంచి నెడుతున్నాడు. వెనకే రబ్బరు డింగీల మీద నలుగురైదుగురు. ఒకడు పైకెక్కాడు. గొలుసు వదిలే యంత్రం మీట లోపల ఉంది, తలుపుకి తాళం. ఇక లాభం లేదని, హాగ్ ఐలాండ్ నుంచి మాతోపాటే వచ్చిన కెనడా పెద్దాయన తన రెండో లంగరు డింగీలో వేసుకుని, దాని తాడు ఒక కొస పెద్ద పడవకి కట్టించి, గాలికెదురుగా ముందుకెళ్ళి నీళ్ళలో వదిలాడు. తాడు బిగిసింది. పెద్ద పడవ మా పడవకి ఓ రెండు బారల దూరంలో ఆగింది.

అందరూ కాసేపు అలాగే చూసి, వణుకుతూ ఎవరి పడవకి వాళ్ళు వెళ్ళిపోయారు. అక్క అల్లం టీ పెట్టింది. బోయా మనిషి ఒక్కడే వచ్చి తాగాడు. "ఎందుకు వచ్చావన్నా? పొద్దున నీతో అలా మాట్లాడాడు కదా" అన్నాను. "పడవకేం తెలుసు?" అన్నాడు.

యజమాని మర్నాటి సాయంత్రం వచ్చాడు. అంచున గీత ఎలా పడిందన్నది ఆయన మొదటి ప్రశ్న. రెండు రమ్ము సీసాలు డింగీల వాళ్ళకి పంపాడు, బోయా మనిషికి పంపలేదు. ఆ రాత్రి నుంచి ఆ పడవని రేడియోలో ఎవరూ పలకరించలేదు. పేటకి అంతకంటే పెద్ద శిక్ష తెలియదు. కానీ బోయా మనిషి దగ్గరికి వెళ్ళి మాట్లాడినవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురే. సాటి పడవ మనిషికి రాత్రి రెండింటికి లేచేవాళ్ళకి, ఒడ్డు మనిషి ఇంకా సరుకులమ్మేవాడిగానే కనిపిస్తాడు. ఇది నాకు మింగుడు పడలేదు. బావకీ పడలేదు. అక్క మాత్రం మిగిలిన గోంగూర పచ్చడిలో సగం ఆయనకిచ్చి వచ్చింది.

సెయింట్ లూసియాలో రాడ్నీ బే అప్పుడు కానరీ ద్వీపాల నుంచి అట్లాంటిక్ దాటొచ్చిన పడవలతో కిటకిటలాడుతోంది. 2,700 మైళ్ళ నీళ్ళు దాటినవాళ్ళు గట్టు మీద నడవలేక తూలుతున్నారు. అక్కడ డీజిలూ ఉల్లిపాయలూ తీసుకుని కదిలాం.

మార్టినిక్‌లో సెయింటాన్ ముందు కొన్ని వందల పడవలు. ఫ్రెంచి భూభాగమైనా షెంజెన్ వీసా పనికిరాదు, నా పాస్‌పోర్టుకి విడిగా వీసా వేయించుకున్నాను. ప్రవేశ పత్రం నింపేది ఒక దుకాణం మూలనున్న కంప్యూటర్‌లో మనమే. 1853లో ఒరేలీ అనే ఓడ చెరకు తోటల కోసం ఈ ద్వీపానికి మొదటి భారతీయుల్ని తెచ్చింది. తర్వాత వచ్చినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు, వాళ్ళతో కొందరు తెలుగువాళ్ళు. ఇప్పుడు ఆ భాషలు లేవు. ధనియాలూ పసుపూ ఆవాలూ వేసి వండే కొలంబో అనే కూర మిగిలింది, ప్రతి హోటల్లోనూ ఉంటుంది. మేక మాంసం కొలంబో తింటూ బావ వచ్చే జూన్ సంగతి ఎత్తాడు.

బెరిల్ తర్వాత ఆయనకి గ్రెనడా మీద నమ్మకం సడలింది. ఇంకా కిందకి, 10 డిగ్రీల పైచిలుకులో ఉన్న ట్రినిడాడ్‌కి పోయి, పడవని ఒడ్డుకెక్కించి, తాళ్ళతో నేలకి బిగించి వెళ్ళిపోదామంటాడు. బీమా వాళ్ళూ అదే కోరుతున్నారు.

"పేటంతా గ్రెనడాలో ఉంటే మనం ఒక్కళ్ళం అక్కడికెందుకండీ?" అంది అక్క.

"హరికేన్ పేటని చూసి ఆగుతుందా?"

"ఆగదు. కానీ రాత్రి రెండింటికి కొమ్ము ఊదేవాడెవడు?"

బావ ఫోన్‌లో బీమా పాలసీ తెరిచి, ఎనిమిదో పేజీలో ఒక వాక్యం చూపించాడు. అక్క కళ్ళజోడు పడవలో మరిచిపోయానంది.