వెనక కూర్చున్నవాళ్లనే అడగండి

బండి కొనేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు రెండే. లీటరుకు ఎంత ఇస్తుంది? డౌన్ పేమెంట్ ఎంత? ఆ తర్వాత రంగు. వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే రెండు షాక్ అబ్జార్బర్ల గురించి ఎవరూ అడగరు. నడిపి చూసేవాడు ముందు కూర్చుంటాడు కదా! గుంటలో పడ్డప్పుడు అసలు దెబ్బ వెనక చక్రం మీద కూర్చున్నవాళ్లకే తగులుతుంది. మన ఇళ్లలో ఆ చోటు ఎవరిదో చెప్పక్కర్లేదు. అమ్మ, లేదంటే ఇల్లాలు, ఆవిడ ఒళ్లో పిల్లాడు.

మా పెద్దమ్మది ఎ.కొండూరు మండలంలో చిన్న ఊరు. కిడ్నీ జబ్బుల వల్ల ఏళ్ల తరబడి వార్తల్లో నలుగుతున్న మండలం. పెద్దమ్మకూ ఆ జబ్బే. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా అన్నయ్య బండి, అక్కడి నుంచి మైలవరం మీదుగా విజయవాడ బస్సు. మొన్న వేసవిలో ఆవిడ కొత్త పాట ఎత్తుకుంది. ‘‘ఈసారికి రానులేరా. ఆ బండెక్కితే నడుం విరిగిపోతోంది’’ అని. అన్ని సూదులకు భయపడని మనిషి, నాలుగు కిలోమీటర్ల గతుకుల దారికి భయపడింది. డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది. అది గుండె మీదికి వస్తుంది. అంటే ఇది నడుంనొప్పి దగ్గర ఆగే విషయం కాదు.

అన్నయ్యకు తోచిన మందు ఒకటే... హెవీ డ్యూటీ షాకులు వేయించడం. గట్టివైతే మంచివని ఆయన లెక్క. తిరువూరులో మెకానిక్ దగ్గరికి నేనూ వెళ్లాను. ఆయన బండి కన్నా ముందు మమ్మల్ని ప్రశ్నించాడు. ‘‘దీని మీద ఏం మోస్తారండీ?’’

సీజన్లో మామిడికాయల ట్రేలు, మిగతా రోజుల్లో యూరియా. బస్తా 45 కిలోలు, రెండేస్తే 90. ‘‘మరి అమ్మగారో?’’ అన్నాడు. నలభై ఉంటుందేమో అన్నాడు అన్నయ్య. ‘‘అదండీ సంగతి. బస్తాల కోసం బిగించిన బండి మీద అమ్మగారిని ఎక్కిస్తున్నారు.’’

స్ప్రింగు కింద మెట్లు మెట్లుగా కోసిన ఓ ఇనుప రింగు ఉంటుంది. చాలా 100 సీసీ బండ్లలో ఐదు మెట్లు. కొడవలిలా వంగిన పానాతో దాన్ని తిప్పితే స్ప్రింగు ముందుగానే కొంత నొక్కుకుంటుంది. బరువు పడ్డా వెనక భాగం కుంగిపోదు. అన్నయ్య బండిలో అది చివరి మెట్టు మీద ఉంది. తొంభై కిలోలకు సరిపోయింది. నలభై కిలోల మనిషి కూర్చుంటే ఆ స్ప్రింగు చిన్న గతుక్కి కదలనే కదలదు. దెబ్బంతా సీటుకు, సీటు నుంచి వెన్నుకు. ఇంకా గట్టి స్ప్రింగులు వేయిస్తే నొప్పి రెట్టింపయ్యేది!

మెకానిక్ రింగును రెండో మెట్టుకు దించాడు. తర్వాత సీటు వెనక బలంగా నొక్కి వదిలాడు. బండి మూడుసార్లు ఊగింది. ‘‘ఒకసారి లేచి ఆగిపోవాలి’’ అంటూ ఎడమ షాకు కడ్డీ చూపించాడు. చుట్టూ నూనె తడి, దాని మీద దుమ్ము. స్ప్రింగు పని దెబ్బను మింగడం. మింగినదాన్ని వెంటనే తిరిగి కక్కకుండా చూసేది లోపలి ఆయిలు. సన్నని రంధ్రాల్లోంచి పారుతూ ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. ఆయిలు కారిపోతే మిగిలేది ఉయ్యాలే. ఒక్కటే పోయినా జత మార్చాల్సిందేనన్నాడు. ఒకటి పాతది, ఒకటి కొత్తదైతే బండి వంకరగా నడుస్తుంది. హెవీ డ్యూటీవి కాకుండా, కంపెనీ కొలతలవే వేయించాం.

పందేల లోకంలోనూ ఇదే వరస. 1973లో స్వీడన్‌కు చెందిన హాకన్ ఆండర్సన్ యమహా బండి మీద 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ బండికి వెనక ఒకటే షాకు. లూసియన్ టిల్కెన్స్ అనే బెల్జియం వాసి ఆలోచన అది. ఇసుక దిబ్బల మీద దూకే నాలుగు చక్రాల స్పోర్ట్ క్వాడ్లకూ వెనక ఒకటే ఉంటుంది. ఖరీదైన కొత్త షాకు తెచ్చుకున్నా ముందు చేసేది కొలత. నడిపే మనిషి కూర్చుంటే వెనక భాగం ఎంత కుంగుతోందో చూస్తారు. చక్రం పైకీ కిందికీ ఆడే దూరంలో దాదాపు మూడో వంతు కుంగేలా సర్దుకుంటారు. మనిషి మారితే కొలతా మారుతుంది.

మనకు అంత లెక్క అక్కర్లేదు. బరువు వేసే రోజు రింగు పైమెట్టుకు, మనిషి ఎక్కే రోజు కిందికి. రెండు వైపులా ఒకే మెట్టు. బండి సెంటర్ స్టాండ్ మీద ఉండాలి, సైలెన్సర్ చల్లారాలి. అంతే. బరువు వేసి కిందిమెట్టులోనే వదిలేస్తే మాత్రం వెనక కుంగి, హెడ్‌లైటు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, ముందు చక్రం తేలిపోతుంది.

పెద్దమ్మ బండి గురించి ఒక్క మాటా మెచ్చుకోలేదు. రానని మాత్రం మళ్లీ అనలేదు. అన్నయ్య ఇప్పుడు పానా సంచిలో పెట్టుకు తిరుగుతున్నాడు.

ఈ ఆదివారం మీ బండి కడిగేటప్పుడు ఆ రింగు ఏ మెట్టు మీద ఉందో చూడండి. ఎలా ఉందని మాత్రం మిమ్మల్ని మీరు అడుక్కోకండి. వెనక కూర్చునేవాళ్లను అడగండి. ‘‘పర్లేదులే’’ అంటే నమ్మకండి. మన వెనక కూర్చునేవాళ్లు ఎప్పుడూ అనే మాట అదే.