నల్లరేగడిలో డ్రిల్లు మాస్టారు

పత్తి, మిర్చి పండే నేల అది. కష్టం చేయడం అక్కడ ఎవరికీ కొత్త కాదు. అలాంటిచోట ఒంటికి వ్యాయామం నేర్పడానికి ఓ పెద్ద చదువుంది. ఆ చదువు మొదలయ్యేది గుంటూరు పక్కన... దానికి పరీక్ష ఎదురయ్యేది మాత్రం పల్లె బడిలో!

తెల్లవారుజామున అయిదున్నర. గుంటూరు, విజయవాడల మధ్య జాతీయ రహదారి మీద లారీల దీపాలు ఇంకా ఆరలేదు. పక్కనే ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో మాత్రం విజిల్ మోగింది. అమ్మాయిలూ అబ్బాయిలూ మైదానం చుట్టూ పరుగు అందుకున్నారు. చూడ్డానికి పోటీలకు తయారవుతున్న ఆటగాళ్లలా ఉంటారు. కానీ వీళ్లంతా డిగ్రీ పూర్తిచేసినవాళ్లు. కొందరిది బీపీఈడీ, కొందరిది ఆపైన ఎంపీఈడీ. ఇంకో రెండేళ్లకో మూడేళ్లకో ఏ పల్లె బడిలోనో 'సావధాన్, విశ్రామ్' అంటూ కనిపించాల్సినవాళ్లు.

'డ్రిల్లు మాస్టారికి కూడా పీజీయా?' అని అడిగేవాళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. చాలామందికి ఆటల పీరియడంటే లెక్కల మాస్టారు మిగిలిన సిలబస్ లాగించేసే పీరియడే. డ్రిల్లు మాస్టారంటే ప్రార్థన దగ్గర వరసలు సరిచేసి, పంద్రాగస్టుకి తాళ్లు కట్టించి, అల్లరి చేసినవాళ్ల వీపు విమానం మోత మోగించే మనిషి. ఆయన మెడలో విజిల్ తప్ప చేతిలో పుస్తకం చూసిన గుర్తు ఎవరికుంటుంది!

నిజానికి ఈ చదువు పాతదే. మద్రాసులో హెచ్.సి.బక్ అనే అమెరికన్ 1920లో వైఎంసీఏ వ్యాయామ కళాశాలను ప్రారంభించాడు. అప్పటికి గుంటూరు, ఒంగోలు అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. డ్రిల్లు మాస్టారు కావాలనుకునేవాళ్లకు మద్రాసే దిక్కు. గుంటూరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలైనది 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు అక్కడ వ్యాయామ విద్య, క్రీడాశాస్త్రాలకు ప్రత్యేకంగా కళాశాల ఉంది. రాష్ట్రంలో బీపీఈడీ, డీపీఈడీ ప్రవేశాలకు జరిపే పీఈసెట్ నిర్వహణ బాధ్యత కూడా ఇటీవల చాలాసార్లు ఈ వర్సిటీకే దక్కింది. ఆ పరీక్షలో అక్షరం ముక్క రాయనక్కర్లేదు. పరుగెత్తాలి, దూకాలి, ఇనపగుండు విసరాలి, తనకొచ్చిన ఆట ఆడి చూపించాలి. అంతే.

రాయాల్సినదంతా చేరిన తర్వాతే మొదలవుతుంది!

గుండె కొలిచే లెక్క

ఒకప్పుడు ఏడాదిలో ముగిసే బీపీఈడీని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలతో రెండేళ్లు చేశారు. ఎంపీఈడీ మరో రెండేళ్లు. మొత్తం నాలుగేళ్లలో పొద్దున, సాయంత్రం మైదానం... మధ్యలో తరగతి. ఆ తరగతిలో చెప్పేవి వింటే మెడికల్ కాలేజీలోకి వచ్చామా అనిపిస్తుంది. పరుగెత్తేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు ఏం చేస్తాయి? మోకాలి కీలు ఏ కోణంలో వంగితే దెబ్బతింటుంది? ఓడిపోయిన పిల్లాడి మనసుకు ఏం చెప్పాలి? గాయమైతే ఎప్పుడు ఐసు పెట్టాలి, ఎప్పుడు ఆసుపత్రికి పంపాలి? వీటికి తోడు పోషకాహారం, యోగా, స్టాటిస్టిక్స్. చివర్లో ఓ పరిశోధన వ్యాసం. ఆటలంటే ఇష్టంతో చేరిన కుర్రాళ్లు బెదిరేది స్టాటిస్టిక్స్ దగ్గరే.

ఈ లెక్కల్లో పల్లె బడికి బాగా పనికొచ్చేవి ఖరీదైన యంత్రాలు అక్కర్లేనివే. అమెరికాలో కెన్నెత్ కూపర్ అనే వైద్యుడు 1968లో ప్రకటించిన పరీక్ష అలాంటిదే. పన్నెండు నిమిషాల్లో మనిషి ఎంత దూరం పరుగెత్తగలడో కొలిస్తే చాలు, ఒళ్లు ఆక్సిజన్‌ను ఎంతబాగా వాడుకుంటుందో అంచనా దొరుకుతుంది. కావాల్సింది ఒక గడియారం, ఓ టేపు, కాస్త సున్నం.

ఇంకా... కాస్త నేల!

అడుసు పూస్తే ఆట బంద్

వర్సిటీ నుంచి బయల్దేరి గుంటూరు ఊళ్లోకొస్తే చుట్టుగుంట దగ్గరే ముక్కు పుటాలు చెప్పేస్తాయి, మిర్చి యార్డు వచ్చిందని. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఇసకేస్తే రాలనంత రద్దీ. 40 కిలోలకు పైగా తూగే టిక్కీలను భుజానికెత్తుకుని హమాలీలు పరుగులాంటి నడకతో లారీలకు చేరుస్తుంటారు. బయోమెకానిక్స్ పాఠం చెప్పే అధ్యాపకుడికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదేమో. బరువు ఎత్తేటప్పుడు నడుము వంచాలా, మోకాళ్లు వంచాలా అన్నది పుస్తకం చూడకుండానే అక్కడ తెలిసిపోతుంది.

ఊరు దాటి ప్రత్తిపాడు, పెదనందిపాడు మీదుగా పర్చూరు వైపు వెళ్తే రెండువైపులా నల్లరేగడి. పత్తీ మిర్చీ కలిసి పండే చేలు. 1921-22లో పన్నుల నిరాకరణతో దేశమంతా తనవైపు చూసేలా చేసిన పెదనందిపాడు ఇదే. పర్వతనేని వీరయ్యచౌదరి శాంతిసేన పేరుతో వాలంటీర్లను కూడగట్టింది ఈ ఊళ్లలోనే. క్రమశిక్షణ అనే మాట ఈ నేలకు బయటినుంచి వచ్చిందేం కాదు.

నల్లరేగడితో రైతుకు ఎంత లాభమో డ్రిల్లు మాస్టారికి అంత చిక్కు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. వానాకాలంలో నాలుగడుగులు వేస్తే కాలికి కిలో మట్టి. ఎండాకాలంలో నెర్రెల్లో పాదం ఇరుక్కుంటే మడమ మెలితిరుగుతుంది. గ్రావెల్ తోలించి రోలరుతో తొక్కిస్తేగాని మైదానం మైదానంలా ఉండదు. ప్రమాణాల ప్రకారం 400 మీటర్ల ట్రాకు వేయాలంటే నాలుగెకరాలు కావాలి. ఎకరం ధర వింటేనే గుండె జారే ఊళ్లలో బడికి నాలుగెకరాలు ఎవరిస్తారు! అందుకే ఇక్కడ కబడ్డీ, వాలీబాల్ నిలిచాయి. మొదటిదానికి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున్న జాగా చాలు. రెండోదానికి 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. నాలుగు బండ్లు గరుసుమట్టి పోస్తే కోర్టు తయారు. గుంటూరు జిల్లా నుంచి వెళ్లి భారత వాలీబాల్ జట్టుకు ఆడి, ఆ తర్వాత శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్న అరికపూడి రమణారావు ఈ ఆటకు ఇక్కడున్న బలానికి సాక్ష్యం.

'పొలం పని చాలదా?'

పల్లెలో చేరిన కొత్త మాస్టారికి మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. 'పొద్దస్తమానం చేలో పని చేసే పిల్లలకు ఇంకా ఎక్సర్‌సైజులేంటి అయ్యా?'

ఎంపీఈడీలో నేర్చుకున్నదంతా అక్కరకొచ్చేది ఇక్కడే. మిరపకాయలు కోసేవాళ్లు గంటల తరబడి నడుము వంచే ఉంటారు. పత్తి తీసేవాళ్లు ఒడి కట్టుకుని, పెరిగే బరువంతా ఒంటి ముందువైపే మోస్తారు. తొడిమలు తీసే ఆడవాళ్లు పూటపూటంతా గొంతుక్కూర్చునే ఉంటారు. ఒళ్లు అలిసిపోతుంది, నిజమే. కానీ అవే కండరాలు, అదే భంగిమ, అదే కదలిక. వీపు బిగుసుకుపోతుంది. గుండెకూ ఊపిరితిత్తులకూ పరుగులో దొరికే శ్రమ మాత్రం దొరకదు. చేలో వంగిన వెన్నును వెనక్కి సాగదీయడం, ఒంటి రెండువైపులా సమానంగా పనిచేయించడం, గుండె కొట్టుకునే వేగాన్ని కాసేపు పెంచి మళ్లీ దించడం... వ్యాయామం అంటే ఇదీ. కష్టం వేరు, కసరత్తు వేరు. ఇది తెలియని మాస్టారు కూలికెళ్లొచ్చిన పిల్లతో మళ్లీ గుంజిళ్లే తీయిస్తాడు!

ఎండ సంగతీ అంతే. గుంటూరు వేసవి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రెంటచింతల పేరు ఏటా పేపరెక్కేదే. మండే ఎండకు ఒళ్లు అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుందని శరీరధర్మశాస్త్రం చెబుతుంది. ఆ అలవాటు కుదిరాక చెమట త్వరగా పట్టి ఒంటిని చల్లబరుస్తుంది. అంటే జూన్‌లో బడి తెరిచిన మొదటిరోజే పిల్లల్ని పది చుట్లు తిప్పకూడదన్నమాట. ఈ ఒక్క ముక్క తెలిసిన మాస్టారున్న బడిలో ప్రార్థన దగ్గర సొమ్మసిల్లి పడిపోయే పిల్లలు తగ్గుతారు.

ఆడపిల్లల విషయంలో ఇంకాస్త లోతుగా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతానికి రక్తహీనత. పరుగు మధ్యలో ఆగి ఆయాసపడే అమ్మాయిది బద్ధకం కాకపోవచ్చు, నెత్తురు చాలకపోవడం కావచ్చు. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర మింగిందో, కిటికీలోంచి విసిరేసిందో కనిపెట్టాల్సిందీ, ఇంటికి కబురు పెట్టాల్సిందీ ఈ మాస్టారో, టీచరమ్మో. వ్యాయామ విద్యకు 'ఆరోగ్య' అన్న మాట తగిలించింది ఊరికే కాదు. పురుగుమందు డబ్బాలో నీళ్లు తాగొద్దని, మందు కొట్టిన చేలోకి వెంటనే దిగొద్దని చెప్పడం కూడా ఇక్కడ ఆరోగ్య పాఠమే.

ఇక మిర్చి కోతల కాలంలో కర్నూలు పడమటి పల్లెల నుంచి ఇళ్లకు తాళాలేసి ఇటు తరలివచ్చే కుటుంబాలుంటాయి. వాళ్ల పిల్లల పేర్లు ఒక ఊరి హాజరు పట్టీలో ఉంటాయి, పిల్లలు ఇంకో ఊరి చేలగట్ల మీద ఉంటారు. వాళ్లను ఆటల పీరియడుకి పిలవడానికి డ్రిల్లు మాస్టారికి ఏ చదువూ దారి చూపించలేదు.

పడమటికి వెళ్తే నీళ్లే పాఠం

అద్దంకి దాటి దర్శి, పొదిలి వైపు మళ్లితే నేల రంగు మారుతుంది. కష్టమూ మారుతుంది. ఇక్కడ భయం భూగర్భజలంలోని ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో ఆనాటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు దర్శి, పొదిలి, కనిగిరి ఆ నెల్లూరు జిల్లాలోవే. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, బిగుసుకునే కీళ్లు ఈ ప్రాంతం పెద్దలకు తెలిసిన కథ. పిల్లలు వంగి కాలివేళ్లు ముట్టుకోలేకపోతే దాన్ని మొదట గమనించగలిగేది ఎవరు? ఏడాదికోసారి వచ్చే వైద్య బృందం కన్నా ముందు రోజూ వాళ్లతో కసరత్తు చేయించే మనిషే. నడుము ఎంత వంగుతుందో కొలిచి రాసిపెట్టుకోవడం ఎంపీఈడీలో ఓ చిన్న ప్రాక్టికల్. పొదిలిలో అది అంత చిన్నదేం కాదు.

మరి ఇంత చదివినవాళ్లకు ఉద్యోగాలో? 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు. అందులో పీఈటీలు 132. స్కూల్ అసిస్టెంట్ హోదాలో వ్యాయామ విద్య పోస్టులు వేరుగా, అంతకన్నా చాలా ఎక్కువగానే ఉన్నాయి. అయితే 2018 తర్వాత మళ్లీ అసలు నియామకాల దాకా వచ్చిన డీఎస్సీ ఇదే. మధ్యలో ఏడేళ్లు! విజిల్ పట్టుకోవాల్సిన వయసు కోచింగ్ సెంటర్లలో గడిచిపోయింది. కొందరికి ఎంపీఈడీ ఆ ఎదురుచూపుల్లో దొరికిన నీడే. పీజీ తర్వాత నెట్ గానీ సెట్ గానీ గట్టెక్కితే కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావచ్చు. కుదరనివాళ్లు పట్నాల్లో అపార్టుమెంటు మాదిరి ప్రైవేటు బళ్లలో చేరి, మూడో అంతస్తు వరండాలో డ్రిల్లు చేయిస్తుంటారు. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే ఆరోగ్య, వ్యాయామ విద్యకు బోధకుడూ ఉండాలంది. కాకపోతే పార్ట్‌టైమ్! నాలుగేళ్ల చదువుకు చట్టం కట్టిన విలువ అది.

అయినా ఒక్క మాస్టారి చూపు ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియనిది కాదు. విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి ఎత్తు చూసి, హర్డిల్స్‌కు పనికొస్తుందని మొదట కనిపెట్టింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. తర్వాత ఆమె నాగార్జున వర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో పరుగెత్తింది. 2023లో ఆసియా ఛాంపియనైంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్ బరిలో దిగిన తొలి భారతీయురాలైంది.

సాయంత్రం నాలుగు దాటింది. పర్చూరు పక్కన పల్లె బడుల్లో ఆఖరి పీరియడు. రోడ్డుకు అవతల కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతున్నారు. ఇవతల సున్నం గీతల మధ్య పిల్లల పన్నెండు నిమిషాల పరుగు. మాస్టారు గడియారం చూస్తూ ఒక్కొక్కరి చుట్లు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. కిందటి నెల అయిదు చుట్లకే కూర్చుండిపోయిన అమ్మాయి ఈసారి ఏడో చుట్టులో ఉంది. కల్లం దగ్గర ఏరుతున్న చేయి ఒకటి ఆగి, అటువైపే చూస్తోంది.