చేరవలసిన చోటికి



గడచిన వర్షాకాలములో మా అక్క కుమారునికి జ్వరము వచ్చి న్యుమోనియాగా మారెను. కొద్ది దినములలోనే రెండు ఊపిరితిత్తులకును నీరు పట్టెను. పట్టణపు ఆసుపత్రిలో 19 దినములు వెంటిలేటరు మీద ఉండి, బ్రదికి ఇంటికి వచ్చెను. కాని నాలుగు మెట్లు ఎక్కినచో గోడ పట్టుకొని నిలువవలసి వచ్చుచుండెను.

అప్పుడొకడు మా బావగారియొద్దకు ఒక కరపత్రము తెచ్చెను. మూలకణములను ఎక్కించినచో ఊపిరితిత్తులు క్రొత్తవగునని అందులో వ్రాసియుండెను. దాని వెల మా బావగారి ఎకరము మాగాణి ధరకు సరిగా నుండెను. ఆయన పొలము అమ్ముటకు సిద్ధపడి, "నీవు చదువుకొన్నవాడవు, ఇది నిజమో కాదో చూచి చెప్పు" అని ఆ కాగితమును నా చేతిలో పెట్టెను. నేను వైద్యుడను కాను. పిల్లవానిని చూచిన డాక్టరుగారిని అడిగియు, ఆయన చూపిన వ్రాతలు చదివియు గ్రహించినది నీకు చెప్పుచున్నాను. ఇట్టి కాగితము రేపు నీ గుమ్మమునకును రావచ్చును.

మన ఊపిరితిత్తులలో గాలి నిలుచు సన్నని తిత్తులు ఎన్నియో ఎరుగుదువా? 2004లో ఆరుగురు మనుష్యుల ఊపిరితిత్తులను పరీక్షించినవారు సగటున 48 కోట్లని లెక్క తేల్చిరి. ఒక్కొక్క తిత్తి చుట్టును వెండ్రుకకంటె సన్నని రక్తనాళములు అల్లుకొనియున్నవి. తీవ్రమైన గాయము తగిలినప్పుడు ఆ నాళములలోని నీరు తిత్తులలోనికి ఊరి, గాలికి చోటు లేకుండ చేయును. 1967లో అమెరికాలోని డెన్వరు పట్టణపు వైద్యులు ఆష్‌బాగ్ అనువారును ఆయన తోటివారును 12 మంది రోగులలో ఈ స్థితిని గుర్తించి మొదట ప్రకటించిరి. వెంటిలేటరు ఈ గాయమును మాన్పదు. శరీరము తానే మాన్పుకొనువరకు ఊపిరిని నిలుపును, అంతే.

ఆ గాయమును మాన్పుటకే కొందరు వైద్యులు ఎముకల మూలుగనుండియు, బొడ్డుత్రాటి రక్తమునుండియు తీసిన మూలకణములను పరీక్షించుచున్నారు. ఈ కణములు తామే ఊపిరితిత్తిగా మారునని అనుకొనకుము. 1991లో వాటికి మూలకణములని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లాన్ అను శాస్త్రజ్ఞుడే, 2017లో ఆ పేరు మార్చుట మేలని వ్రాసెను. ఏలయనగా అవి గాయపడిన చోట క్రొత్త అవయవమును కట్టవు. వాపును అణచు సందేశములను విడిచి, కొద్ది దినములలోనే కనుమరుగగును. ఆపద వచ్చిన ఇంటికి ఇరుగుపొరుగువారు అన్నము వండి తెచ్చి, ఇంటివారు లేచి తిరుగసాగిన పిమ్మట వెళ్లిపోవుదురు గదా, అట్లే అని తలంచుము.

అయితే వాటిని ఊపిరితిత్తులకు చేర్చుట ఎట్లు? ఒక మార్గము చేతి నరము. నరములో ఎక్కించినది గుండె కుడిభాగము గుండా మొదట ఊపిరితిత్తులకే పోవును. ఈ కణములు అక్కడి సన్నని నాళములకంటె పెద్దవి గనుక అనేకము అక్కడనే చిక్కుకొనును. ఇతర అవయవములకు పంపగోరువారికి ఇది ఆటంకము. ఊపిరితిత్తులకు పంపువారికి ఇదే సహాయము. రెండవ మార్గము గొంతులోని గొట్టము ద్వారా నేరుగా పోయుట. దక్షిణ కొరియాలోని సియోలులో, నెలలు నిండక పుట్టిన 9 మంది శిశువులకు ఇట్లు చేసి, ఆ సంగతి 2014లో ప్రకటించిరి. మొదటి ముగ్గురికి శరీరపు బరువు కిలోకు కోటి కణములు, తక్కిన ఆరుగురికి రెండేసి కోట్లు ఇచ్చిరి. శిశువులు దానికి తాళుకొనిరి. కాని 2021లో ప్రకటించిన 66 మంది శిశువుల పరీక్షలో, మరణముగాని దీర్ఘమైన ఊపిరితిత్తుల రోగముగాని తగ్గినట్లు రుజువు కాలేదు.

పెద్దల విషయమును వినుము. అమెరికాలో 60 మంది రోగులపై చేసిన పరీక్షను 2019లో ప్రకటించిరి. 40 మందికి కిలోకు కోటి చొప్పున కణములను, 20 మందికి కణములు లేని ద్రవమును నరము ద్వారా ఎక్కించిరి. కణముల వలన హాని కలిగినట్లు కనబడలేదు. మరణములు తగ్గినట్లును కనబడలేదు. ఒక సంగతి మాత్రము నన్ను ఆపివేసెను. గడ్డకట్టించి దాచిన కణములను కరగించి, కడిగి, లెక్కించి చూచినప్పుడు, ఒక్కొక్క మోతాదులో నూటికి 36 మొదలు 85 వరకు మాత్రమే బ్రదికియుండెను.

చదువరీ, నీవు సేద్యము ఎరిగినవాడవు. విత్తనపు బస్తా పొలమునకు చేరినంతనే పంట వచ్చునా? గుప్పెడు గింజలను తడిపి, గోనెలో చుట్టి, ఎన్ని మొలకెత్తెనో చూడక మండె కట్టుదువా? ఆ వైద్యులు చేసినదియు అదే. తమ ఆశను లెక్కపెట్టి చూచి, తక్కువైనది తక్కువయని వ్రాసిరి. కరపత్రములో అట్టి లెక్క ఒక్కటియు లేదు. మన దేశములో 2017 నాటి వైద్య పరిశోధనా మండలి నియమముల ప్రకారము, కొన్ని రక్తవ్యాధులు మొదలగువాటికి చేయు మూలుగ మార్పిడి తప్ప, మూలకణములను అనుమతి పొందిన పరీక్షలలోనే వాడవలెను, చికిత్సగా అమ్మరాదు.

ఈ మాట చెప్పిన రాత్రి మా బావగారు మౌనముగా లేచి వెళ్లిపోయిరి. మా అక్క, "మాకున్న ఒక్క ఆశను నీవు త్రుంచితివి" అని ఏడ్చెను. ఆమెకు బదులు చెప్పుటకు నాయొద్ద మాట లేకపోయెను. ఇంటికి వచ్చి, నేను చేసినది సరియేనా అని తెల్లవారువరకు తలపోయుచుంటిని.

పొలము అమ్మలేదు. డాక్టరుగారు నేర్పిన ఊపిరి సాధనను మేనల్లుడు ఉదయ సాయంత్రములు చేయుచున్నాడు. మొదటి మాసము వేపచెట్టు వరకే నడిచెను. ఇప్పుడు చెరువు గట్టు వరకు పోయి, ఒకసారి కూర్చుండి, తిరిగి వచ్చుచున్నాడు. మొన్న, "మామయ్యా, నేడు రెండుసార్లు కాదు, ఒక్కసారే కూర్చుంటిని" అని చెప్పెను. అక్క ఆ మాట విని, నాతో ఏమియు అనక, నాకు కూడ విస్తరి వేసెను.

గనుక ఇట్టి కాగితము నీ ఇంటికి వచ్చినప్పుడు, తెచ్చినవానిని మూడు ప్రశ్నలు అడుగుము. ఇది చేరవలసిన చోటికి చేరునా? చేరునప్పటికి బ్రదికియుండునా? ఎవరికి మేలు కలిగెనో లెక్కించి చూపుదువా? ఒక దినమున ఈ వైద్యము నిజముగా మన ఆసుపత్రులకు రావచ్చును. దానికొరకు ఎదురుచూచుట తప్పు కాదు. కాని అది వచ్చువరకు నీ పొలమును కాపాడుకొనుము. నీ రోగి ప్రక్కన నడువుము.