వల ఎత్తాకే గాలం

రాంచీ దగ్గర పుట్టిన సువర్ణరేఖ హుండ్రూలో 98 మీటర్ల ఎత్తు నుంచి దూకి, చాండిల్ ఆనకట్ట వెనక చెరువులా పరుచుకుంటుంది. జంషెడ్‌పూర్ నుంచి గాలాలతో బయలుదేరేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చూడాలి. 116 గ్రామాల మీద ఈ జలాశయం ముంపు పడింది. పొలాలు పోయిన కుటుంబాలే సహకార సంఘంగా ఏర్పడి ఇప్పుడు ఈ నీళ్లలో పంజరాలు కట్టి చేపలు పెంచుతున్నాయి. ఆ పంజరాల దరిదాపుల్లో గాలం విసరడం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఆనకట్ట దాటాక నది తీరు గేట్లను బట్టి ఉంటుంది. వానాకాలంలో చాండిల్ గేట్లు ఎత్తారంటే జంషెడ్‌పూర్‌లోని మానగో వంతెన కింద ఎర్రనీళ్లు పోటెత్తుతాయి. ఆ రోజుల్లో ఇక్కడి ఆదివాసులు సంతాలులు, హోలు, భూమిజులు నది జోలికి పోరు. వాళ్లంతా నాట్లలో ఉంటారు. గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీదిన చేపలు మళ్లల్లోకి ఎక్కి, నీరు తీసేటప్పుడు గట్ల గండ్లలోంచి దిగుతాయి. ఆ గండ్లలో వెదురు కుమ్నీ పెడతారు, మన మావులాంటిదే. బొచ్చె, శీలావతి ఈనే కాలం అది. పట్నం మనిషి గాలం అటక మీద ఉండాల్సిన కాలం కూడా అదే.

సోనారీ దగ్గర దోముహానీలో ఖర్‌కాయీ వచ్చి కలుస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చి కదమాలో స్థిరపడిన మన కుటుంబాలకు ఈ ఖర్‌కాయీ పెరటి ఏరు. మకర సంక్రాంతినాడు మనిళ్లలో అరిసెలు వండుకునే వేళకు దోముహానీ ఒడ్డున టుసు మేళా నిండిపోతుంది, చౌడళ్లు అనే రంగు కాగితాల పల్లకీలు నీళ్లలోకి దిగుతాయి. ఆ రోజు అక్కడ చేపల వేట మాట ఎత్తకూడదు.

కోతలయ్యాక, నీళ్లు తగ్గి మడుగులు విడివిడిగా తేలినప్పుడు వలల పని జోరందుకుంటుంది. సాయంత్రం కట్టిన వలను తెల్లవారుజామున ఎత్తుతారు. ఆదివారం వేకువనే గాలంతో దిగే ఉద్యోగికి, వల ఎత్తడానికి వచ్చిన మనిషికి తగువు వచ్చేది అప్పుడే. సంతకు ముందురోజు రాత్రి వలలు ఎక్కువ పడతాయి. అందుకే ముందు ఆ ఊరి సంత ఏ రోజో కనుక్కుని, దాని మర్నాడు కాకుండా రెండు మూడు రోజులు ఆగి వెళ్లాలి. మడుగు కుదుటపడుతుంది, వాలుగ మళ్లీ ఎరకు వస్తుంది. వైశాఖంలో దల్మా కొండ మీద సేంద్రా వేటకు మగవాళ్లు వెళ్లిన రోజుల్లో ఒడ్డు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీగా ఉందని చెప్పకుండా దిగడం మాత్రం పద్ధతి కాదు. అడవిని ఆనుకుని బతికేవాళ్ల సముదాయ హక్కుల్లో నీటివనరుల చేపలను కూడా 2006 అటవీ హక్కుల చట్టం చేర్చింది. గ్రామ పెద్దను, ఇక్కడి మాటలో మాఝీనో ముండానో, ముందే కలిసి అడిగితే ఏ మడుగు ఎప్పుడు ఖాళీయో వాళ్లే చెబుతారు.

గాలుడీహ్ బ్యారేజీ, ఘాట్‌శిలా రాగి కర్మాగారం దాటాక ఇసుక మేటలు వెడల్పవుతాయి. వరద తీసిన తర్వాత అక్కడ ఇసుక కడిగి బంగారు రేణువులు ఏరుకునే కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్ల తావులకు ఎగువన నీళ్లు కలచకుండా చూసుకోవాలి.

అక్కణ్ణుంచి నది బెంగాల్, ఒడిశాల మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. సముద్రంలో మాత్రం లెక్క వేరు. విశాఖ మరబోట్లు ఆగినట్టే ఇక్కడి మరబోట్లూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఆగుతాయి. ఆ తేదీలను ప్రభుత్వం ముందే ప్రకటిస్తుంది. ఎగువ మడుగుల తేదీలు ఏ కాగితంలోనూ ఉండవు. నాట్లు, కోతలు, సంత, పరబ్ (పండగ) వాటిని నిర్ణయిస్తాయి, ఊళ్లోకి వెళ్లి అడిగినవాళ్లకే అవి తెలుస్తాయి.