గణితమునకు దృక్కు

వేసవి వచ్చినదనిన మా మొవ్వసీమలో మంటికూజాకు గౌరవము హెచ్చును. ఇంటింట శీతలయంత్రములు వెలసినను దానిని పూర్తిగా వెడలగొట్టినవారు తక్కువ. కూజాగోడ సన్నని రంధ్రములగుండ నీరు చెమర్చును. ఆ చెమ్మ ఆవిరియై పోవుచు లోని నీటివేడిని తనతో గొనిపోవును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు రమారమి 580 కెలోరీల వేడి కావలయును. అనగా 58 గ్రాముల నీటిని 10 డిగ్రీలు చల్లార్చుటకు అది చాలును. సముద్రపుగాలి తేమతో వీచిన దినమున ఆవిరి పుట్టుట మందగించును. కూజానీరును అంతగా చల్లబడదు. ఇందు వేడి యొక్కటియే కదలుటలేదు, దానితోడ ద్రవ్యమును కదలుచున్నది. ఈ రెండు సంక్రమణములను కలిపి లెక్కించు విద్య నేడు గణితశాస్త్రమున పెద్దశాఖయై యున్నది.

మాయొద్ద చదువుకొనిన యొక రైతుబిడ్డ ఆ శాఖయందే పరిశోధన చేయుచున్నది. ఆమె విషయము నానోద్రవముల ప్రవాహము. ఒకనాడామె తండ్రి మమ్మిట్లడిగెను: “మాస్టారూ, మా అమ్మాయి నాలుగేళ్లుగా కాగితం మీద నీళ్లు పారిస్తోంది. ఆ నీళ్లతో ఏ మడి తడిసిందండీ?” ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట మాకు చేతకాలేదు.

మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన నందొకభాగము నానోమీటరు. సాధారణముగా 100 నానోమీటర్లకు మించని లోహరేణువులనో, ఆక్సైడు రేణువులనో ద్రవమున కలిపిన నది నానోద్రవము. 1995లో అమెరికాయందలి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో పనిచేయుచుండిన స్టీఫెన్ చోయ్ దానికీ పేరు పెట్టెను. తలంపు సులభమైనది. రాగి నీటికంటె ఆరువందల రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును గనుక, చిటికెడు రాగి కలిసిన ద్రవము యంత్రములను త్వరగా చల్లార్చునని వారి యాశ. ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవమున, ఘనపరిమాణమునుబట్టి నూటికి 0.3 వంతు రాగిరేణువులు కలుపగా ఉష్ణవాహకత నూటికి 40 వరకు పెరిగినదని 2001లో ఆ ప్రయోగశాలవారు ప్రకటించిరి. 1873లో మాక్స్‌వెల్ చూపిన సూత్రముచొప్పున ఆ పెరుగుదల నూటికి ఒకటియైనను కారాదు. లోక మాశ్చర్యపడెను, లెక్కలు వెల్లువయై వచ్చినవి.

ఆ లెక్కల తీరు వినదగినది. రేణువులు ద్రవముతో గాక వేరుగా కదలుటకు గల యేడు కారణములను జాకొపో బువాంజోర్నో 2006లో పరిశీలించి, అందు రెంటినే ముఖ్యములని నిర్ణయించెను: అణువుల తాకిడిచే రేణువులు చెదరుట యొకటి, వేడిచోటినుండి చల్లనిచోటికి జరుగుట రెండవది. ఈ సమీకరణములు సూటిగా లొంగునవి కావు. పొలమును గట్లతో మడులుచేసి మడినుండి మడికి నీరు వదలినట్లు, ప్రవాహమును చిన్నగదులుగా విభజించి గదినుండి గదికి వేడిని, రేణువులను లెక్కింతురు. లేదా గోడకడ వేడి యెంత త్వరగా మారునో యూహించి, అడుగడుగున ముందునకు సాగి, తుదినియమము కుదురకున్న ఊహను దిద్ది మరల నారంభింతురు. ఫలము మారకుండువరకు మరలమరల చేయు నిట్టి గణనమును మన జ్యోతిష్కు లసకృత్కర్మ మనిరి.

అయినను గణనయంత్రము తనకిచ్చిన ఉష్ణవాహకత నిజమో కాదో యెరుగదు. నూటికి 40 అన్నను, ఒకటి యన్నను సమానశ్రద్ధతో ఆరు దశాంశస్థానములవరకు ఫలము చెప్పును. 2009లో వెలువడిన యొక పరీక్షయందు ముప్పదికి పైబడిన సంస్థలు ఒకే నమూనాలను పంచుకొని కొలిచినవి. ఆశ్చర్యకరమైన వృద్ధి యెచ్చటను కానరాలేదు. కొలతలు మాక్స్‌వెల్ మార్గమునకే చేరువయ్యెను. ఆ పరీక్షకు నాయకుడైనవాడు బువాంజోర్నోయే యగుట గమనింపదగినది.

మరియొక చిక్కు గలదు. వానకాలపు బురదనీటిని తేర్చుటకు మన పెద్దలు కుండలో నిండుపగింజ అరగదీసెడివారు. మన్ను కూడుకొని అడుగున పడెడిది. నానోద్రవమున రేణువులు ఇండుపగింజ లేకయే కూడుకొని దిగిపోవచ్చును. రేణువులు హెచ్చినకొలది ద్రవము చిక్కనై, దానిని నడపుటకు బలమెక్కువ కావలయును. రేణువులు విడివిడిగా నిలుచునని యనుకొని చేసిన లెక్కలో ఈ యడుగుమన్ను కనబడదు.

కేరళీయుడైన పరమేశ్వరుడు అనేకసంవత్సరములు గ్రహణములను పరికించి 1431లో దృగ్గణితమును రచించెను. లెక్కతో గ్రహణము కలియనిచో గ్రహణమును తప్పుపట్ట వీలులేదు, దిద్దవలసినది లెక్కనే. ఈ బుద్ధి నేడేల సన్నగిల్లినది? సాగు పలకమీద ప్రవాహ మొక పత్రము, దానికి అయస్కాంతక్షేత్రము చేర్చిన మరొక పత్రము, రసాయనచర్య చేర్చిన వేరొక పత్రము. పత్రముల సంఖ్యయే పాండిత్యమునకు కొలతగోలయైనపుడు కొలత నడుగువా డుండడు.

తమ శాఖయందు కొలుచు పరికరము లేదని ఆ బాలిక మాతో చెప్పెను. ఇతరులు కొలిచి ప్రకటించిన సంఖ్యలు లోకమునకు తెరచియున్నవి గదా, వానితో పోల్చి చూడుమంటిమి. పోల్చగా రెండధ్యాయములు చక్కగా కలిసినవి, మూడవది కలియలేదు. దానిని విడిచివేసిన పట్టము త్వరగా వచ్చునని యొకరు సలహా చెప్పిరట. ఆమె విడువక, ఎందుకు కలియలేదో వ్రాయ బూనినది. మరియొక యేడు పట్టును. ఆ యేటికి తండ్రి యొప్పుకొనవలయును. ఆయనతో మేమిట్లంటిమి: “కాలువ త్రవ్వుటకు ముందు గొలుసు పట్టుట దండుగ కాదు, గొలుసు సరియైనదో కాదో చూచుకొనకుండుటయే దండుగ. మీ యమ్మాయి ఇప్పుడు గొలుసు సరిచూచుచున్నది.” ఆయన కొంతసేపూరకుండి, సరే యనెను.

చదువరులయిండ్లలోను ఇట్టి పరిశోధకులుందురు. వారిని “ఎన్ని పత్రములు వచ్చినవి?” అని యడుగుట మాని, “నీ లెక్క యే కొలతతో కలిసినది? ఎచ్చట కలియలేదు?” అని యడుగుడు. ఆ రెండవ ప్రశ్నకు వెరవక బదులుచెప్పగల బిడ్డకు మరియొక యేడిచ్చుట నష్టము గాదు.