కంద వస్తే కంద, దూట వస్తే దూట

అమలాపురం చుట్టుపక్కల అరటితోటల్లో కోసిన గెల రావులపాలెం యార్డుకి వెళుతుంది. అక్కణ్ణుంచి లారీ ఎక్కి రాష్ట్రాలు దాటుతుంది. పువ్వూ దూటా మాత్రం ఊళ్లోనే ఉండిపోతాయి. ఇంట్లో వండుకునేవారికి అసలు పంట అదే. అరటిపువ్వును రేకు రేకుగా విప్పి, ఒక్కో పూవులోంచి గట్టి పుల్లనీ పక్కనుండే పల్చని పొరనీ తీసేసి, తరిగి మజ్జిగ నీళ్లలో వేస్తారు; లేకపోతే నల్లబడుతుంది. దూటను చక్రాలుగా తరుగుతూ, వచ్చిన పీచును వచ్చినట్టే వేలికి చుట్టి లాగేస్తారు. ఉడికించి ఆవ పెడితే కూర, సన్నగా తరిగి పెరుగులో కలిపితే పచ్చడి. దీనికి ఓపిక కావాలి, తీరిక కావాలి. ఆ రెండూ ఉన్న ఇల్లు దగ్గర్లో లేకపోతే దూట తోటగట్టు మీదే కుళ్లిపోతుంది.

తోట ఏది ఇస్తే అది వండుకునే ఇలాంటి అలవాటు కోసం కొన్ని దేశాల్లో ముందుగా డబ్బు కడుతున్నారు. జపాన్‌లో పురుగుమందుల భయం ముదిరిన 1970ల మొదట్లో గృహిణులు గుంపులుగా కూడి రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫామ్‌లో రాబిన్ వాన్ ఎన్, ఆమె మిత్రులు ఇదే పద్ధతి మొదలుపెట్టారు. సీజన్ మొదట్లోనే ఊరివారు వాటా డబ్బు కట్టేస్తారు; ఆపైన వారం వారం కోతలో తమ వాటా తీసుకెళతారు. పంట విరగ్గాస్తే బుట్ట నిండుతుంది, వడగళ్లు పడితే సగమే వస్తుంది. కట్టిన డబ్బు మాత్రం రైతు దగ్గరే ఉంటుంది. 1986కు ముందు ఏడాది రాబిన్, ఆమె మిత్రులు చేసిన తొలి ప్రయత్నం కూరగాయలతో కాదు, ఒక చిన్న ఆపిల్ తోటతో.

అక్కడ ఈ పథకాలను తరచూ ఇబ్బంది పెట్టేది వంటగదే. అడగని దుంప, పేరు తెలియని ఆకు బుట్టలో వస్తే ఏం చెయ్యాలో తోచక కొందరు ఏడాది తిరిగేసరికి మానేస్తారు. అందుకే చాలా తోటలవాళ్లు బుట్టతో పాటు వండే పద్ధతి రాసిన కాగితం కూడా పెడతారు.

కోనసీమ వంటకు ఆ కాగితం అక్కర్లేదు. ఇక్కడి కూరలు తోట అమరికలోంచే పుట్టాయి. పైన కొబ్బరి, దాని కింద అరటి, నీడలో కంద, చేమ, పసుపు, కంచె మీద బచ్చలి, గట్టున పనస, ములగ. కంద బచ్చలి కూర వండేవారు ఆ రెంటినీ వెతికి జోడించాల్సిన పని లేదు, పెరట్లో అవి పక్కపక్కనే ఉన్నాయి. కంద దురదకు కారణం అందులోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు; పక్కనే ఉన్న చింతపండు పులుసు దానికి విరుగుడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత చెప్పుకున్న ఈ నేలమీదే, కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం దురద బాగా తక్కువుండే గజేంద్ర రకాన్ని ఎంపిక చేసి రైతులకిచ్చింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే కందలో చాలా భాగం అదే. ఆవ పెట్టడంలో మాత్రం కత్తిపీట కంటే చెయ్యి ముఖ్యం: నూరిన ఆవపిండి పొయ్యి మీద ఉడికితే చేదెక్కుతుంది, కూర దించి కాస్త చల్లారాకే కలపాలి. పనసపొట్టు కూరకూ ఇదే నియమం. లేత పనసకాయను పొట్టుగా కొట్టేటప్పుడు చేతికీ కత్తికీ నూనె రాసుకోకపోతే జిగురు వదలదు. అది రానివాళ్ల కోసం గోదావరి జిల్లాల బజార్లలో కొట్టిన పొట్టే అమ్ముతారు.

అంబాజీపేట పొట్టిక్కలను చూస్తే వంటగిన్నె కూడా తోట నుంచే వచ్చింది. పనసాకులను ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో మినప పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. ఇనుప రేకులో వండిన ఇడ్లీకి ఆ వాసన ఎక్కడిది?

ఈ నైపుణ్యం ఎంత దూరం పోగలదో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి జీవితం చెబుతుంది. ఆమె 1841లో పుట్టి 1909లో కన్నుమూశారు. భర్త జోగన్న భూమి ఉన్న రైతు. వైనతేయ దాటి వచ్చే బాటసారులు ఏ వేళ తలుపు తట్టినా ఆ ఇంట్లో అన్నం దొరికేది. గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ పెట్టింది. ఆమె దానగుణం గురించి అందరూ చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. వంట వైపు నుంచి కూడా ఆమెను తలుచుకోవాలి. ఎంతమంది వస్తారో తెలియదు, సంతకు మనిషిని పంపే వ్యవధి లేదు. గాదెలో ఉన్నదీ పెరట్లో కాసిందీ చూసుకుని అప్పటికప్పుడు విస్తరి నింపగలగడం మామూలు పనితనం కాదు.

వంట ఉంది. లేనిది రైతుతో నష్టం పంచుకునే ఏర్పాటు. ఇక్కడ ఆ నష్టం చిన్నది కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమలో కొబ్బరితోటలను పడుకోబెట్టింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లు. 2011 ఖరీఫ్‌లో సాగు గిట్టక కోనసీమ వరి రైతులు పంట విరామమే ప్రకటించారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకల్లోని కూరగాయల మళ్లు మునిగిపోయాయి. ఆ వారాల్లో బజారుకెళ్లినవారికి తెలిసింది ధర పెరిగిందని మాత్రమే. మడి పోగొట్టుకున్న రైతుకు ఆ పెరిగిన ధరలో పైసా రాలేదు, అమ్మడానికి అతని దగ్గర కాయ లేదు కాబట్టి.

1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతు బజార్లు దళారీని కొంత తప్పించాయి. అది పెద్ద మేలే. అయినా కొనేవారు కాయ చూసి, ధర చూసి, నచ్చితేనే సంచి చాపుతారు. నారు పోసిన రోజున రైతు పక్కన ఎవరూ లేరు. రాష్ట్రంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయం ఇంకో మెట్టు ఎక్కింది. అందులో ఇరవై సెంట్లలో రకరకాల కూరగాయలు, ఆకుకూరలు కలిపి వేసి, ఏటీఎంలో డబ్బు తీసుకున్నట్టు ఎప్పుడు కావాలంటే అప్పుడు కోసుకునే పద్ధతి ఉంది. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. వారం వారం ఇళ్లకు వాటా పంచడానికి ఇంతకన్నా అనువైన మడి ఉండదు.

అమలాపురంలో ఇలాంటి వాటా పద్ధతి మొదలుపెట్టాలంటే కొబ్బరితో పెట్టడం తేలిక, మసాచుసెట్స్‌లో ఆపిల్ తోటతో పెట్టినట్టే. రోజు విడిచి రోజు ఒక కాయ కొట్టే ఇంటికి ఏడాదికి నూట ఎనభై కాయలు కావాలి. బాగా చూసుకున్న చెట్టు ఎనభై, తొంభై కాయలిస్తుంది. అంటే ఇంటికి రెండు చెట్లు. ఎనిమిది మీటర్ల ఎడంలో వేసిన తోటలో ఎకరానికి అరవై పైచిలుకు చెట్లుంటాయి గనక ఒక ఎకరం ముప్పై ఇళ్లకు సరిపోతుంది. ఆ ముప్పై ఇళ్లూ ఏడాది మొదట్లోనే డబ్బు కడితే, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ధర పడిపోయిన నెలలో కూడా దింపు కూలి ఎలా ఇవ్వాలా అని రైతు అప్పుకు తిరగక్కర్లేదు. రెండు నెలలకోసారి దింపు జరిగినప్పుడు కాయలు చేరతాయి. మధ్యలో ఆ చెట్ల కింద పండిన కంద, చేమ, కూరరటికాయ, దూట వారం వారం వస్తాయి. శ్రావణ భాద్రపదాల్లో లంకలు మునిగితే బీరకాయ, వంకాయ రావు. దుంపలు, కొబ్బరి, ములగాకు మాత్రమే వస్తాయి. వేసవిలో కొబ్బరి మామిడికాయ పచ్చడికి రెండూ ఒకే బుట్టలో దొరుకుతాయి. గాలివానకు రెండు చెట్లు కూలిన ఏడు మొత్తం ముప్పై ఇళ్లకూ తలా ఐదారు కాయలు తగ్గుతాయి, ఒక్క రైతు మీద నూట అరవై కాయల నష్టం పడదు.